మూడో వంతు దగ్గర వెనక్కి తిరిగిన మనిషి

ఖానాపురం హవేలి మూల మీద, షేర్ ఆటోలు ఆగే చోట, కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆటో కోసం నిలబడి, చేసే పనేమీ లేక దాన్ని చదివాను. 'శ్రద్ధాంజలి. మృదుభాషి, స్నేహశీలి, అజాతశత్రువు' అని పెద్ద అక్షరాలు. కింద ఫోటో. ఫోటోలోని మనిషి కెమెరా పట్టుకున్నవాడికి బుద్ధి లేదన్నట్టు చూస్తున్నాడు. ఆ చూపును బట్టే ఆయన్ని గుర్తుపట్టాను. పోయి నాలుగు రోజులైందట. రెండు వీధుల అవతల ఉంటూ నాకు తెలియలేదు.

ఆ మాటలు ఫ్లెక్సీ దుకాణం వాడు కంప్యూటర్‌లో ముందే కొట్టి పెట్టుకున్నవి. పేరు మార్చి ఊళ్ళో పోయిన ప్రతివాడికీ అవే అంటిస్తాడు. ఆయనే బతికుండి ఆ స్తంభం కింద నిలబడితే, చివరిదాకా చదివి, "గీ చచ్చినోడెవడో మంచోడున్నట్టుండు, నాకు తెల్వదు" అని వెళ్ళిపోయేవాడు.

మృదువుగా మాట్లాడటం ఆయనకు చేతనయ్యేది కాదు. పొట్టి మనిషి. భుజాల మీద నేరుగా తల పెట్టినట్టుండేది. కుడి చెవి ఏనాడో నీటి ఒత్తిడికి పగిలిపోయింది. వినదలుచుకోని మనిషి మాట్లాడుతుంటే మెల్లగా ఆ చెవి అతని వైపు తిప్పేవాడు. ఎదుటివాడు పావుగంట మాట్లాడి వెళ్ళాక, "ఏమన్నడు వాడు?" అని పక్కనున్నవాళ్ళను అడిగేవాడు. వాళ్ళు చెప్పబోతే చేత్తో వద్దనేవాడు.

ఎక్కడ తాడు కనబడినా లాగి చూసేవాడు. బట్టలారేసే తాడు, బావి చేద తాడు, లారీ మీద సరుకుకు కట్టిన తాడు. లాగి, నోరు వంకర పెట్టి వదిలేసేవాడు. ఆయన పరీక్షలో పాసైన తాడును నేను చూడలేదు.

నేలకొండపల్లి దగ్గరి పల్లె నుంచి వయసులో ఉండగా పనికి పోయి, పాతికేళ్ళకు పైగా దేశమంతా తిరిగాడు. డ్యాముల గేట్లు పాడైతే నీళ్ళలో దిగి బాగుచేసే డైవర్ పని. అడుగున కంటికి ఏమీ కనబడదు. చేత్తో తడిమి బోల్టు విప్పాలి, చేత్తో తడిమి వెల్డింగ్ చేయాలి. ఆ పని చేసినవాడు నీటిని ప్రేమిస్తాడని మనం అనుకుంటాం. ఒకసారి మా ఇంటివాళ్ళూ వాళ్ళూ కలిసి భద్రాచలం పోయాం. ఆడవాళ్ళు గోదావరిలో మునుగుతుంటే ఆయన తువ్వాళ్ళు పట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాడు. 'మీరూ దిగండి అన్నా, పుణ్యం' అన్నాను.

"పాతికేండ్లు దాని మొఖమే చూసిన. సెలవు దినం గూడ చూడాల్నా?" అన్నాడు.

నేను అప్పుడు ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. పాఠం చెప్పే బతుకు చాలదని, హైదరాబాదులోని ఒక సాహస యాత్రల క్లబ్బులో సభ్యుడిగా చేరాను. గుట్టలెక్కడం, లోయల్లో దిగడం వాళ్ళ పని. ఆ క్లబ్బు లీడరు సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి బాగుపడిన మనిషి. సెలవులకు విదేశీ సముద్రాల్లో దిగి, రంగు రంగుల చేపల మధ్య ఫోటోలు తీయించుకుని వచ్చేవాడు. పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు వదిలి అడవిలోకి పోతే ఒక సున్నపురాయి గుట్ట, దాని అడుగున నీళ్ళు నిండిన బిలం ఉందని ఆయనకు చెప్పింది నేనే. అది ఆయన జీవితాన్ని మార్చేసిందని తరవాత సభల్లో చెప్పుకున్నాడు. నా జీవితాన్నీ మార్చింది, కానీ అది సభల్లో చెప్పుకునే విధంగా కాదు.

మొదటి సంవత్సరం లీడరు ఆ బిలంలో నూట ఇరవై మీటర్లు పోయి వచ్చాడు. నేను దాని మీద ఒక వ్యాసం రాశాను. 'చీకటి గర్భంలోకి మానవుని ప్రస్థానం' అని మొదలవుతుంది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. రెండో సంవత్సరం ఇంకా చాలా దూరం పోవాలనుకున్నారు. గుట్ట అవతలి వాగులో ఆ బిలం తేలుతుందని ఎవరో అన్నారట. ఒక చివర దిగి రెండో చివర తేలాలని లీడరు ఆశ. అంత దూరం పోవాలంటే రక్షణ చూసే అనుభవజ్ఞుడు ఒకడు ఉండాలని క్లబ్బు వాళ్ళకు ఎవరో చెప్పారు. ఇలాంటి మనిషి మాకు రెండు వీధుల అవతలే ఉన్నాడని నేను వ్యాసం కాగితం పట్టుకుని ఆయన ఇంటికి పోయాను.

కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. చదివి కాగితం నా ఒళ్ళో పెట్టాడు.

"ఎంత దూరం పోయిండో నాలుగుసార్లు రాసినవ్ లెక్చరర్ సాబ్. ఎట్ల వాపస్ వచ్చిండో ఒక్కసారన్న రాయలే."

వచ్చాడు కాబట్టే కదా రాశాను అన్నాను. ఆయన కుడి చెవి నా వైపు తిప్పాడు.

అయినా వస్తానన్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు అర్థం కాలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక అనుకున్నాను.

ఎండాకాలం మొదట్లో, వాగులు బాగా తగ్గాక వెళ్ళాం. రోడ్డు నుంచి బిలం దాకా ట్రాక్టరులో రెండు గంటల దారి. ట్రాక్టరులో సిలిండర్లు, గాలి నింపే కంప్రెసర్, డీజిలు, టెంట్లు, లీడరు పడుకునే మడత మంచం. పక్కనే పదిహేను ఇళ్ళ కోయగూడెం. లీడరు వెంట ఇంకో డైవరు, ఒక వీడియో కెమెరా అతను, ఇద్దరు విలేకరులు వచ్చారు.

లీడరుకు బిలం గురించి ఒక కథ కావాలి. గూడెం పెద్దను కెమెరా ముందు నిలబెట్టి, లోపల ఏ దేవత ఉంది, ఏ శాపం ఉంది అని నాతో అడిగించాడు. ఆ పెద్దాయన చాలాసేపు ఆలోచించి, దేవతలు గుట్ట మీద ఉంటారనీ లోపల బురద ఉంటుందనీ చెప్పాడు. అంతేనా అని లీడరు రెట్టించాడు. ఒకసారి ఎవరిదో బకెట్టు పడిపోయిందని పెద్దాయన గుర్తుచేసుకున్నాడు. మా డ్యాం డైవరు ఒక రాయి మీద కూర్చుని తాడుకు ముడులు వేస్తున్నాడు. తల ఎత్తి, "గీ జాగల ఒక్కడన్న తెలివిగలోడున్నడు" అన్నాడు.

ఆ ముడులు అయిదు బారలకొకటి. బురద లేచినప్పుడు నీళ్ళలో లైటు పనిచేయదు. తాడు ఒక్కటే దారి. వేళ్ళతో ముడులు లెక్కపెట్టుకుంటే ఎంత దూరంలో ఉన్నామో గుడ్డివాడికైనా తెలుస్తుంది. లీడరు దగ్గర విదేశం నుంచి తెచ్చిన సన్న దారం చక్రం ఉంది, అందంగా ఉంది. మా డైవరు దాన్ని రెండు వేళ్ళతో లాగి, నోరు వంకర పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

గాలి సంగతి ఇంకా కష్టం. ఒక్క సిలిండరు నింపడానికి నలభై నిమిషాలు. కంప్రెసర్ పొగ కాస్త లోపలికి పోయినా, ఆ గాలి పీల్చిన మనిషి నీళ్ళలో నిద్రపోయినట్టు పోతాడు. అందుకని గాలి పీల్చే గొట్టాన్ని ఒక వెదురు బొంగుకు కట్టి పైకెత్తించి, నన్ను దాని కింద కూర్చోబెట్టాడు. చేతిలో ఒక బీడీ పెట్టాడు. నాకు అలవాటు లేదన్నాను. తాగొద్దు, పొగ ఎటు పోతుందో చూడు, గాలి మళ్ళితే కేకెయ్యి అన్నాడు. ఫిజిక్స్‌లో పీజీ చేసిన మనిషిని రెండు రోజులు బీడీ పట్టుకుని కూర్చున్నాను. నింపిన ప్రతి సిలిండరు మూత తిప్పి, కొంచెం గాలి వదిలి, వాసన చూసేవాడు.

ఇక మూడో వంతు లెక్క. ఉన్న గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి. మిగిలింది మనం అనుకోని దానికి. గాలి కొలిచే మీటరులో ముల్లు మూడో వంతు తగ్గగానే ఎదురుగా బంగారం ఉన్నా వెనక్కి తిరగాలి. లీడరు ఇది తనకు విదేశంలో నేర్పారనీ సర్టిఫికెట్ కూడా ఉందనీ చెప్పాడు.

"సర్టిఫికెట్ పైన పెట్టి పోండ్రి సారూ, తడుస్తది" అన్నాడు ఆయన.

రెండు రోజులు లీడరూ రెండో డైవరూ కొంచెం కొంచెం దూరం పోయి, తాడు పరిచి, నూరు బారల దగ్గర ఒక సిలిండరు పెట్టి వచ్చారు. మూడో రోజు పొద్దున రెండో డైవరుకు జలుబు చేసి చెవులు పట్టేశాయి. అలాంటి చెవులతో దిగకూడదు. లీడరు తనొక్కడే పోతానన్నాడు. ఒక్కడు పోతే అది పని కాదు, మొక్కు అన్నాడు ఆయన. పోనీ వెనకాల నేనొస్తా అన్నాడు. లీడరు కెమెరా అతని వైపు చూసి, ఇది సోలో డైవ్, మీరు ఒడ్డున ఉండండి అన్నాడు.

దిగే ముందు లీడరు విలేకరులతో మాట్లాడాలి. కంప్రెసర్ చప్పుడుకు మాటలు రికార్డు కావడం లేదని నాకు సైగ చేశాడు. నేను పోయి కంప్రెసర్ ఆపేశాను. ఇంకా మూడు సిలిండర్లు ఖాళీగా ఉన్నాయి. ఆయన దూరం నుంచి చూసి, ఎందుకాపినవని అడిగాడు. ఇంటర్వ్యూ అయ్యాక వేస్తానన్నాను. ఇంటర్వ్యూ అయింది, లీడరు దిగాడు, అందరం బిలం నోటి దగ్గర గుమిగూడాం. కంప్రెసర్ సంగతి నేను మరిచిపోయాను.

గంటంబావులో లీడరు రావాలి. గంట కాగానే ఆయన లేచి బెల్టు బిగించుకోవడం మొదలుపెట్టాడు. ఇంకా టైం ఉంది కదా అన్నాను.

"నీ గడియారంల ఉన్నది. ఆయన సిలిండర్ల ఉన్నదా?"

గంటన్నర దాటింది. నీళ్ళ మీద ఒక్క బుడగ లేదు. నింపి ఉన్నవి ఆయన వీపుకు కట్టుకున్న జత సిలిండర్లే. ఇంకొకటి వెంట తీసుకుపోదామని వెతికాడు. ఖాళీవి చూశాడు, ఆగిన కంప్రెసర్‌ను చూశాడు, తరవాత నన్ను చూశాడు. నీళ్ళలోకి దిగిపోయాడు.

యాభై నిమిషాలకు ఒక్కడే తేలాడు.

ముఖానికున్న అద్దం తీసి, లోపల జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నూరు బారల దగ్గర పెట్టిన సిలిండరు ఖాళీగా ఉంది. రావడానికని దాచిన గాలిని లీడరు పోయేటప్పుడే వాడుకున్నాడు. అక్కడి నుంచి ముందుకు లీడరు పరిచిన సన్న దారం పోయింది. దారం చివర చక్రం బురదలో పడి ఉంది. చేతిలోంచి జారితే వెతకబోయి బురద లేపి, దారి తప్పాడన్నమాట. అడుగున నీళ్ళు మజ్జిగలా ఉన్నాయి. ఇంకో పది పన్నెండు బారల అవతల, పైన, మసక వెలుగు కనబడింది. కత్తి పిడితో సిలిండరు మీద మూడుసార్లు కొట్టాడు. అటు నుంచి మూడుసార్లు తిరిగి వినబడింది. పైకప్పులో ఎక్కడో గాలి నిలిచిన గూడు ఉంది, లీడరు అందులో తల పెట్టుకుని ఉన్నాడు. బతికే ఉన్నాడు.

అప్పటికి ఆయన గాలి ముల్లు మూడో వంతు తగ్గింది. దారం చివర తన లైటొకటి వెలిగించి కట్టి, వెనక్కి తిరిగాడు.

రెండో డైవరు ఆయన మీదికి పోయాడు. పది బారలు పోలేకపోయినవా, కళ్ళ ముందు మనిషిని పెట్టుకుని వచ్చేస్తావా అని అరిచాడు. విలేకరులు రాసుకుంటున్నారు. నేను అరవలేదు. దగ్గరికి పోయి, జాలిపడుతున్నవాడిలా గొంతు తగ్గించి అడిగాను.

"భయపడ్డవా అన్నా?"

తలెత్తి చూశాడు.

"అవ్, భయపడ్డ. కంప్రెసర్ షురూ చెయ్యి, జల్దీ."

ఆ యాభై నిమిషాల్లో మాలో ఒక్కరం దాన్ని వేయలేదు. మూడు సిలిండర్లు నిండాలి, రెండు గంటలు. ఆ రెండు గంటల్లో మేం ఎంత మాటలాడామో తలుచుకుంటే నాకు మా మీదే ఉమ్మేయాలనిపిస్తుంది. పట్నం నుంచి నిజమైన డైవర్లను పిలిపిద్దామన్నాం. అడవిలో సెల్‌ఫోన్లకు సిగ్నల్ లేదు. ట్రాక్టరు రోడ్డు దాకా పోయి మనిషి ఖమ్మం చేరేసరికే రాత్రవుతుంది. ఈయన్ని తెచ్చింది ఎవరని ఒకరు అడిగితే నేను చెట్ల వైపు చూశాను. ఆయన మాత్రం తడి బట్టలతో కంప్రెసర్ పక్కనే కూర్చుని ముల్లు చూస్తున్నాడు. గూడెం నుంచి ఒక ముసలావిడ గిన్నెలో జొన్న జావ తెచ్చి ఆయన ముందు పెట్టింది. నెమ్మదిగా, ఒక్కో గుక్క మింగుతూ తాగాడు. లోపల మనిషి చస్తుంటే తాగుతున్నాడు చూడండని విలేకరి ఒకడు ఫోటో తీశాడు. ఖాళీ కడుపుతో చలినీళ్ళలోకి రెండోసారి దిగితే చేతులు కొంకర్లు పోతాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ ముసలావిడకు తట్టింది.

మూడూ నిండాక ఒక్కొక్కదాన్నీ వాసన చూసి, రెండు వీపుకు కట్టుకుని, ఒకటి చంకలో పట్టుకుని మళ్ళీ దిగాడు.

ఈసారి చాలాసేపు పట్టింది. పొద్దు గుట్ట వెనక్కి పోతుండగా నీళ్ళ మీద బుడగలు లేచాయి. ముందు ఆయన తల, వెనకే లీడరు తల. లీడరు ముఖం సున్నం కొట్టినట్టుంది. ఒడ్డుకు లాగాక వాంతి చేసుకున్నాడు, తరవాత చిన్నపిల్లాడిలా అమ్మను పిలుస్తూ ఏడ్చాడు. లీడరు మా డైవరు బెల్టును ఎడమ చేత్తో పట్టుకుని వచ్చాడు, ఒడ్డుకొచ్చాక కూడా వదల్లేదు. మా డైవరే ఒక్కో వేలూ ఊడదీసి విడిపించుకోవలసి వచ్చింది. కెమెరా అతను అప్పుడు కెమెరా ఆపేశాడు. పొద్దున నేను కంప్రెసర్ బదులు దాన్నే ఆపించి ఉంటే బాగుండేది.

మా డైవరు టెంట్లోకి పోయి పొడిబట్టలు కట్టుకుని ట్రాక్టరెక్కి కూర్చున్నాడు.

క్లబ్బు రిపోర్టు నేనే రాశాను, లీడరు ఫోనులో చెబుతుంటే. 'ప్రతికూల పరిస్థితుల్లో చిక్కుకున్న లీడరు అసాధారణ మనోనిబ్బరంతో బయటపడ్డారు, ఒక స్థానిక సహాయకుడు తోడ్పడ్డాడు' అని ఉంది అందులో. ఒక కాపీ డ్యాం డైవరుకు ఇచ్చే ధైర్యం నాకెక్కడి నుంచి వచ్చిందో. చదివి మడిచి ఇచ్చాడు.

"అక్షరాలల్ల తప్పు లేదు లెక్చరర్ సాబ్. మనుషులల్లనే ఉన్నది."

అక్కడితో ఆగినా బాగుండేది. మరుసటి సంవత్సరం మా కాలేజీ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా లీడరును పిలిచారు. పిలిపించింది నేనే. అప్పటికి ధైర్యం మీద ఉపన్యాసాలిస్తూ ఊళ్ళు తిరుగుతున్నాడు. వేదిక మీద బిలం కథ చెప్పాడు. బాగా చెప్పాడు, ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. 'నన్ను వెతుకుతూ వచ్చిన ప్రొఫెషనల్ డైవరు కూడా నా వెలుగు చూసి వెనక్కి తిరిగిపోయాడు, ఆ క్షణంలో నన్ను నేనే కాపాడుకోవాలని నిర్ణయించుకున్నాను' అన్నాడు. హాలంతా చప్పట్లు. పక్క కుర్చీలో నేనూ కొట్టాను.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి అన్నారు. చివరి వరసలో ఒక పొట్టి మనిషి లేచాడు. ఆయన్ని నేను పిలవలేదు. గేటుకు కట్టిన బ్యానరు చూసి లోపలికి వచ్చినట్టున్నాడు.

"వాపస్ వచ్చేటప్పుడు మీ ఎడమ చేతిల ఏమున్నది సారూ?"

లీడరు గుర్తుపట్టాడు. నా వైపు చూశాడు. నేను మంచినీళ్ళ సీసా మూత తిప్పుతున్నాను.

"గైడ్ లైన్" అన్నాడు లీడరు. "దారి చూపే తాడు."

"సరే సారూ" అని ఆయన కూర్చున్నాడు. పిల్లలు ఎవరో పెద్దాయన ఏదో అడిగాడనుకున్నారు.

సభ అయ్యాక వరండాలో వెంటబడి పట్టుకున్నాను. ఏం చెబుదామనుకున్నానో నాకే తెలియదు. ఆయన నా రెండు చేతుల వంకా చూశాడు.

"అంతగనం చప్పట్లు కొట్టినవ్. చేతులు నొస్తలేవా?" అన్నాడు. తరవాత ఎక్కడ ఎదురుపడినా కుడి చెవే కనబడింది నాకు.

ఫ్లెక్సీ చదివిన రోజు కాలేజీకి పోలేదు. ఆటో ఎక్కకుండా వాళ్ళింటికి నడిచాను. ఆయన భార్య గడపలో కూర్చుని చాటలో కందిపప్పు చెరుగుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. గుండెపోటట, దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఫ్లెక్సీ వీధివాళ్ళు కట్టించారనీ, అందులో రాసింది చూసి తనకే నవ్వు వచ్చిందనీ చెప్పింది. చెరగడం ఆపి అడిగింది.

"ఆ అడవిల పనికి పోయినప్పుడు నువ్వు గూడ ఉన్నవంట గద సారూ. మొదాలు ఒట్టి చేతులతోని బయటికొచ్చిన నాడు, ఎవలన్న ఆయన్ని ఏమన్న అన్నరా? ఎన్నిసార్లడిగినా చెప్పలే."

లేదమ్మా, ఎవరూ ఏమీ అనలేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలాంటి మాటలు రాసీ చెప్పీ నాకు అలవాటే.

"అన్నది నేనే వదినా," అన్నాను. "భయపడ్డవా అని అడిగిన."

ఆమె చాట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే తేలికయ్యేది.

"మా అమ్మ ఇంకా పెద్ద మాటే అన్నది," అంది.

ఆమె తమ్ముడు కూడా డ్యాముల్లో ఆయనతోనే పనిచేసేవాడట. పని నేర్పింది ఆయనే. కర్ణాటకలో ఏదో డ్యాము తూములో తమ్ముడి గాలి గొట్టం చిక్కుకుంది. ఆయన దిగి పోయాడు. పిల్లవాడి చేయి కూడా కనబడింది. ముల్లు మూడో వంతు తగ్గింది. వెనక్కి వచ్చి, గాలి నింపుకుని, మళ్ళీ పోయాడు. అప్పటికి అయిపోయింది. ఇంకో పది నిమిషాలు లోపలే ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళని తోటి డైవర్లందరూ చెప్పారు. శవం దగ్గర వాళ్ళమ్మ గుప్పెడు మట్టి తీసి ఆయన మీద పోసి, నా కొడుకును అమ్ముకున్నావంది. ఆయన దులుపుకోలేదట.

"నేనేమన్లే. అనకపోవుడే ఎక్కువైంది," అంది ఆమె. "ఇడిసిపెట్టి పోలే. వండిన, పళ్ళెంల పెట్టి ఆడ ఉంచి వంటింట్లకు పోతుంటి. ఎదురుంగ కూసోని తిన్లే. పద్నాలుగేండ్లు గట్లనే నడిచింది. లోకంల ఉన్నోళ్ళందరికీ వంకలు పెట్టే మనిషి, నేను ఏమి పెడితే అది తిని, పళ్ళెం కడిగి బోర్లించి పోతుండె. ఒక్క మాటంటే ఒక్క మాట అన్లే."

వీధిలో షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగింది.

"అడవిలకెంచి తెల్లారి వచ్చిండు. చెప్పులు గూడ ఇడువలే, గీ గడప కాడనే నిలబడ్డడు. 'ఈసారి చేతికందిండే' అన్నడు. ఎవలు, ఏంది అని నేను అడగలే, నాకు సమజైంది. ఆ పొద్దు వంకాయ కూర చేసిన. రెండు పళ్ళాలు పెట్టి ఎదురుంగ కూసున్న. ఒక్క ముద్ద నోట్లె పెట్టుకొని మొఖమంత వంకర చేసిండు. ఉప్పు ఎక్కువైంది, వండుడు ఎన్నడు నేర్సుకుంటవే అని తిట్టిండు." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "పద్నాలుగేండ్లకు నా కూరకు వంక పెట్టిండు సారూ."